జోడంగి

మొగిలి నొప్పిని మొగిలి కాక ఇంకో మనిషి అనుభవించడం అదే మొదటిసారి. ఆ మనిషి డాక్టర్ హైమావతి. హనుమకొండ శివారులోని పరిశోధనశాలలో, నున్నటి తెల్ల గచ్చు మీద, అంత చదువుకున్న మనిషి మోకాళ్ల మీద కూలబడి "తీసెయ్యండి, తీసెయ్యండి!" అని కేకలు పెట్టింది. సిబ్బంది పరుగెత్తుకొచ్చి ఆమె ఒంటి మీది బూడిదరంగు అంగీ ఊడబీకేలోపే కక్కుకుంది.

మంచం మీద పడుకున్న మొగిలి ఒంటి మీదా అలాంటి అంగీయే ఉంది. అతను అరవలేదు. మెడ ఒక్కటే తిప్పి భార్య వైపు చూశాడు.

"ఓ స్వరూపా, జెర మంచినీళ్లియ్యే ఆమెకు. పాపం, అలవాటు లేదు."

స్వరూప నీళ్లిచ్చింది. హైమావతి పళ్లు గ్లాసు అంచుకు టకటక కొట్టుకున్నాయి.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా మొగిలి గారూ?"

"గోలి ఏసుకుంటె జెర నయముంటది మేడం. మీరు ఏసుకోవద్దన్నరని ఏసుకోలె."

స్వరూప గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఏళ్ల తరబడి మొగుడు "మండుతాందే" అంటుంటే వింటూనే ఉంది. నిజం చెప్పాలంటే, ఒళ్లు అలిసిపోయిన నాడు, ఈ మనిషి కొంచెం ఎక్కువ చేస్తున్నాడేమోనని కూడా అనుకుంది. ఆ మంట ఎంతటిదో ఇప్పుడు ఇంకో ఆడమనిషి మొహంలో చూసింది. చూడకపోయినా బాగుండేది అనిపించింది.

మొగిలి గీత కార్మికుడు. వాన వెలిసిన ఒక పొద్దున తాటిచెట్టు ఎక్కి, నడుముకు కట్టుకున్న మోకు జారి, కల్లు లొట్టితో సహా కింద పడ్డాడు. వెన్నుపూస మెడ దగ్గర విరిగింది. అక్కడి నుంచి కిందికి సూది గుచ్చినా తెలియదు, చీమ కుట్టినా తెలియదు. కానీ ఆ తెలియని కాళ్లే రాత్రింబవళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. తెగిన కరెంటు తీగ ఊరికే ఉండదు కదా, రవ్వలు రాలుస్తుంది. ఇదీ అలాంటిదేనని దవాఖానలో చెప్పారు. చెప్పి చేతులు దులుపుకున్నారు.

ఇలాంటివాళ్ల కోసం సర్కారు తోడు భత్యం అని ఒకటి పెట్టింది. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేని మనిషి ఇంట్లో ఉంటే, ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లు కూలికి పోకుండా ఇంటిపట్టున ఉండడానికి ఇచ్చే పైకం అది. మంచి మాటే. కానీ ఎవరిది తీవ్రమైన వైకల్యమో తేల్చేదెవరు? క్యాంపు పెట్టేవాళ్లు. బల్ల అవతల కూర్చున్న డాక్టరు తలెత్తకుండా ఒక శాతం గీకేవాడు. దళారిని వెంటేసుకొచ్చినవాడికి ఎక్కువ, ఎవరూ లేనివాడికి తక్కువ. రెండు కాళ్ల మీద నడిచొచ్చినవాడు భత్యం పట్టుకుని బండెక్కి పోతుంటే, మంచం దిగలేనివాడు అసలు క్యాంపుకే రాలేక మంచంలోనే చచ్చేవాడు.

ఇదంతా చూసి కడుపు మండి హైమావతి చేసిన యంత్రం జోడంగి. దానికి కాగితాల్లో ఏదో పెద్ద పేరుంది, ఊళ్లలో మాత్రం జోడంగే. రెండు అంగీలు, మధ్యలో అరచేతంత పెట్టె. ఒక అంగీ జబ్బు మనిషికి, రెండోది కొలవడానికి వచ్చిన మనిషికి. ఈయన నరాల్లో పారేది ఆయన నరాల్లోనూ పారుతుంది. తక్కెడకు రెండో పళ్లెం కావాలి కదా, ఆ రెండో ఒళ్లు అలాంటిదన్నమాట. ఎంత పారిందో పెట్టె లెక్కగట్టి, తనే ముద్ర వేసి పైకి పంపేస్తుంది. మధ్యలో ఎవరూ వేలు పెట్టే సందు లేదు.

ఆ రోజు మొగిలిని తిరిగి అంబులెన్సు ఎక్కించేటప్పుడు హైమావతి స్వరూప చెయ్యి పట్టుకుంది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇక మీరు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదమ్మా. దీని ముందు పైరవీ నడవదు. ఒళ్లే చెప్తుంది."

స్వరూప నమ్మింది. ఎందుకు నమ్మదు? తన మొగుడి మంటను మోసి నేల మీద పడిన మనిషి చెప్పిన మాట అది.

యంత్రం పాసైంది. సర్కారు దాన్ని జిల్లా జిల్లాకూ పంచింది. పాత శాతాలన్నీ రద్దు, అందరినీ మళ్లీ కొలుస్తాం అన్నారు. అప్పటిదాకా మొగిలి పేరు మీద భత్యం వస్తూనే ఉంది. స్వరూప ఇంటిపట్టునే ఉండి, రెండు గంటలకోసారి అతన్ని పక్కకు తిప్పుతూ, తుడుస్తూ, తినిపిస్తూ ఉంది. ఊళ్లో అందరూ అనేవాళ్లు, మొగిలి ఒంటి మీద ఒక్క పుండు లేదు, పెళ్లికొడుకులా ఉన్నాడని.

"పెండ్లికొడుకునే," అనేవాడు మొగిలి. "పీటల మీది నుంచి లేవనిస్తలేదు గీమె."

మొగిలికి నోరు మంచిది. తమ్ముడు సదానందం చెట్టు దిగి కల్లు తెచ్చినప్పుడల్లా ఇద్దరికీ పడేది.

"అన్నా, నీ కాళ్లు ఏం జేస్తున్నయే?"

"ఆఫీసుల కూసున్నయిరా. పని జెయ్యయి, లేవయి, మన తిండి మాత్రం తింటయి."

కొలతకు రావలసిన రోజు ముందే చెప్పారు. ముందు రోజు సాయంత్రం నుంచి గోలి వెయ్యకూడదు, కల్లు పొయ్యకూడదు. స్వరూప వెయ్యలేదు. తెల్లారేసరికి మొగిలి పెదవులు కొరుక్కుని కొరుక్కుని రక్తం వచ్చింది.

"వస్తరు తియ్యి. ఇంకెంత సేపు," అంటూ తడిబట్టతో మొహం తుడుస్తూ కూర్చుంది.

బండి వచ్చింది. అందులోంచి ఒక పిల్ల దిగింది. ఇరవై ఐదు కూడా ఉంటాయో లేదో. నల్లటి స్కార్ఫు, భుజానికి జోడంగి సంచి, రెండో చెయ్యి నడుము మీద. నిండు కడుపు. ఏడో నెల దాటి ఉంటుంది.

"నమస్తే అక్కా. నా పేరు ఫర్హానా. కొలతకొచ్చిన."

స్వరూప ఆ కడుపు వైపు చూసింది. కంటి ముందు తెల్ల గచ్చు, దాని మీద మోకాళ్ల మీద కూలిన హైమావతి. అంత మనిషే కక్కుకుంది. ఈ పిల్ల ఏమవుతుంది? ఈ పిల్ల కడుపులోది ఏమవుతుంది?

"నిన్నెట్ల పంపిన్రు బిడ్డా, ఇంత కడుపుతోని?"

ఫర్హానా డ్రైవరు వినకుండా గొంతు తగ్గించింది. "ఆఫీసుల చెప్పలేదక్కా. మాది కాంట్రాక్టు. చెప్తె తీసేస్తరు. ఆఫీసుకు బుర్ఖా ఏసుకుని పోతే ఎవలకు తెలుస్తది?"

"ఇప్పటిదాంక ఎన్నిండ్లు తిరిగినవ్?"

"మీది మూడోది. మొన్న ఒకామెది నడుము నొప్పి, రాత్రంత నా నడుమే అనుకున్న." నవ్వింది. నవ్వుతూనే కడుపు తడుముకుంది.

సర్కారు తెలివి చూడండి. నొప్పిని కొలవడానికి యంత్రం కనిపెట్టించింది. దాన్ని మోసే మనిషికి నొప్పి ఉంటుందని మాత్రం ఏ అధికారికీ తట్టలేదు.

స్వరూప ఫర్హానాను వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, సదానందం పొద్దున తెచ్చిన ముంజలు ఒలిచి ముందు పెట్టింది.

"తిను బిడ్డా. కల్లుగీసే గౌండ్లోల్లింటికొచ్చి ముంజలు తినకుంట పోతరా?"

"డ్యూటీ అక్కా..."

"డ్యూటీ యాడికి పోతది? ఆయనకు పక్కబట్ట మార్చాలె. గంట పడ్తది. నువ్వు తినుకుంట కూసో."

లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. మొగిలి కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టి ఉన్నాడు.

"అచ్చిన్రా?"

"అచ్చిన్రు. పిల్ల. కడుపుతోనున్నది."

మొగిలి కళ్లు తెరిచాడు. "ఎన్నో నెల?"

"ఏడు దాటింది."

పిల్లలు పుట్టని ఇల్లు అది. రెండుసార్లు నిలిచి రెండుసార్లూ పోయింది. అందులో ఒకటి ఏడో నెలలోనే.

"గోలి తే," అన్నాడు మొగిలి.

"వద్దన్నరు గదయ్యా. భత్యం..."

"ఏం భత్యమే? నా మంట ఎంతనో ఆ డాక్టరమ్మ నాడే సూసింది. మొత్తం ఎర్కే వాళ్లకు. ఇది ఊకె, ముద్ర గొట్టేటందుకు. రెండేసెయ్యి. లొట్టిల కల్లున్నదా?"

ఉంది. స్వరూప రెండు గోలీలు వేసింది. తల ఎత్తిపట్టి, ముంతతో కల్లు తాగించింది. అప్పుడు ఆమెకు కూడా అది సరైన పనే అనిపించింది. ఇంటికొచ్చిన ఆడపిల్ల, అదీ ఒట్టి మనిషి కాదు. మన నిప్పు తీసుకెళ్లి ఆ కడుపు మీద పోస్తామా? భూమ్మీద ఏ ఆడది పోస్తుంది?

గంట తర్వాత ఫర్హానా లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. మొగిలికి అంగీ తొడిగింది. ఇద్దరి మధ్య పెట్టె పెట్టింది.

"అన్నా, గోలి ఏమన్న ఏసుకున్నరా? కల్లు?"

"నిన్నటి నుంచి చుక్క లేదు బిడ్డా," అన్నాడు మొగిలి. నోరు వాసన రాకుండా అప్పటికే స్వరూప ఒక లవంగం నోట్లో పెట్టింది.

ఫర్హానా తన అంగీ తొడుక్కుంది. గుండీ పెట్టుకునే ముందు కళ్లు గట్టిగా మూసుకుని, స్టూలు అంచు పట్టుకుంది. మీట నొక్కింది.

ఆ పిల్ల భుజాలు మెల్లగా కిందికి దిగాయి. నుదురు విప్పారింది.

"అల్లా... ఎంత హాయిగున్నదక్కా. నా నడుము నొప్పి గూడ పోయింది."

కూర్చున్నచోటే గోడకు తల ఆనించి కాసేపు కునుకు తీసింది కూడా. మొగిలి మత్తుకళ్లతో ఆమె వైపు చూసి స్వరూపకు కన్ను గీటాడు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. పెట్టె తన ముద్ర తాను వేసుకుని, తన లెక్క తాను పైకి పంపేసుకుంది.

మిగిలిన ముంజలు సంచిలో పోసి స్వరూప ఫర్హానాను బండిదాకా సాగనంపింది. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏదో దొంగతనం చేసి దొరక్కుండా తప్పించుకున్న పిల్లల్లా నవ్వుకున్నారు.

"మగపిల్లగాడైతడు చూడు," అన్నాడు మొగిలి. "నాకు తెలుసు. జోడంగిల నాకు గూడ పారింది ఆమె కడుపుల కదలిక."

"పారదు. అటు నుంచి ఇటు రాదంట."

"నాకైతె వచ్చింది పో."

నెల తిరక్కుండా ఫోనుకు కబురొచ్చింది. 'కొలత పూర్తయింది. తీవ్ర అవసరం లేదు. తోడు భత్యం నిలిపివేయడమైనది.' మామూలు పింఛను ఒక్కటే మిగిలింది. అది అతని గోలీలకూ పక్కబట్టలకూ చాలదు.

స్వరూప మండల ఆఫీసుకు పోయింది. కిటికీ అవతలి మనిషి తెర వైపు చూశాడు, స్వరూప వైపు చూశాడు, మళ్లీ తెర వైపు చూశాడు.

"మీ ఆయనకు నొప్పే లేదమ్మా. నాకే ఇంతకంటె ఎక్కువున్నది."

"గోలి ఏసి మేమే తప్పు జేసినం సారూ. ఆ పిల్ల కడుపుతోనుండె..."

"ఏ పిల్ల? కడుపుతోని ఉన్నోళ్లను మేము పంపమే. పేరు చెప్పు, రాసుకుంట."

పేరు చెప్తే ఫర్హానా ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే భత్యం రాదు. చెప్పలేదు. తిరిగొచ్చింది.

ఇక ఏం చేస్తుంది? రైస్‌మిల్లులో పనికి కుదిరింది. పొద్దున మొగిలి నోటి పక్కన నీళ్ల గొట్టం కట్టి, ఫ్యాన్ వేసి పోతుంది. మధ్యాహ్నం సదానందం వచ్చి పక్కకు తిప్పాలి. సదానందం చెడ్డవాడేం కాదు. కానీ అతనికీ చెట్లున్నాయి, ఇల్లుంది. ఒకనాడు వస్తాడు, ఒకనాడు ఆలస్యమవుతుంది, ఒకనాడు మరిచేపోతాడు. కదలని ఒంటికి ఆ మరిచిపోయిన ఒక్కనాడు చాలు. రాత్రి అలసిపోయి వచ్చే స్వరూప చీకట్లోనే తిప్పి పడుకునేది, ఒళ్లు చూసేది కాదు.

ఒకరోజు మిల్లు నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే స్వరూప ముక్కుకు వాసన తగిలింది. చచ్చిన ఎలుకేమో అని మంచం కింద వెతికింది. తర్వాత మొగిలిని పక్కకు తిప్పింది. నడుము కింద గుప్పెడంత పుండు, లోపల తెల్లగా ఎముక.

"ఏమైందే?" అన్నాడు మొగిలి. "ఎందుకట్ల నిలవడ్డవ్?"

"నొస్తలేదా నీకు?"

"ఎక్కడ?"

పుండు ఉన్నచోట అతనికి ఒళ్లే లేదు. మండేది వేరేచోట. ఎముక బయటపడిన పుండు యంత్రానికి కూడా కనిపించదు, ఎందుకంటే మొగిలికే అది తెలియదు.

మర్నాడు మిల్లుకు పోకుండా హనుమకొండ బస్సెక్కింది.

హైమావతి సన్నబడింది. గోడ పట్టుకుని నడుస్తోంది. స్వరూప తన కాళ్ల వైపు చూడడం గమనించి ఎండిపోయిన నవ్వు నవ్వింది.

"కాళ్లకేం కాలేదమ్మా. రోజూ ఒకరి ఒళ్లు తొడుక్కుంటున్నాను కదా, ఒక్కోసారి లేచి నిలబడగలనన్న సంగతే గుర్తురాదు."

స్వరూప జరిగిందంతా చెప్పింది. ఫర్హానా పేరు ఒక్కటి దాచింది.

"మీరు... ఆ అమ్మాయికి నొప్పి తగలకూడదని..."

"మీరు పడ్డది కండ్లార జూసిన గద మేడం. ఎట్ల పెడ్త?"

హైమావతి చేతుల్లో మొహం దాచుకుంది. స్వరూపకు ఏడ్చే మనిషి పక్కన కూర్చునే తీరిక లేదు.

"మీకు తెలుసు గద ఆయన మంట. మీ ఒంట్లకొచ్చింది గద. అయితె చెప్పుండ్రి. నేను చూసిన, ఇది నిజమని ఒక్క మాట చెప్పుండ్రి సర్కారుకు."

"చెప్పాను. మీరొక్కరే కాదు స్వరూపా, ఇలా చాలామంది వచ్చారు. వచ్చేవాళ్ల ముందు పరువు పోతుందని నొప్పి దాచుకున్నవాళ్లు, స్నానం చేయించి, మందు వేసి, అత్తరు రాసి పడుకోబెట్టినవాళ్లు. యంత్రం ఆ గంటనే చూస్తుంది, బతుకును చూడదు, ఆపండి అని రాశాను. ఒప్పుకోలేదు."

"ఎందుకు ఒప్పుకోరు? చేసింది నువ్వే గద!"

"నా మాట చెల్లదు." హైమావతి తలెత్తింది. "ఎవరి మాటా చెల్లకూడదనే కదమ్మా దీన్ని చేశాను. డాక్టరు మాట, దళారి మాట, నాయకుడి మాట... ఏదీ చెల్లకూడదని. అందులో నా మాట కూడా పోయింది. మీది కూడా."

తిట్టాలని వచ్చిన స్వరూప నోరు తిట్టలేకపోయింది.

"మరి ఏం జెయ్యాలె ఇప్పుడు?"

"మళ్లీ కొలవమని అడగొచ్చు. ఒక్కసారే." హైమావతి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "ముందు రోజు నుంచి గోలి వెయ్యకండి. వాళ్లు వచ్చేదాకా వెయ్యకండి. ఈసారి ఎవరి మీదా దయ చూపించకండి స్వరూపా."

ఇంటికొచ్చి చెప్పింది. మొగిలి అంతా విని, "ఎవలొస్తరంట? ఆ పిల్లేనా?" అన్నాడు.

"కాదు. దామోదర్ అంట. పెద్దాయన."

"అట్లయితె సరే. ఈపాలి పెద్దాయననే ఏడిపిద్దాం." నవ్వాడు. తర్వాత నవ్వకుండా అన్నాడు, "నేను అడుగుత స్వరూపా. నొప్పిల మనిషి మాట మీద నిలవడడు. నేనడిగినా నువ్వియ్యకు. నేను మాట తప్పుత, నువ్వు తప్పకు."

"తప్ప," అంది స్వరూప.

పొద్దున వస్తామన్న బండి పొద్దున రాలేదు. టైరు పంచరైందని ఫోను చేశారు. ఎండ పెరిగే కొద్దీ మొగిలి మొహం మీద రంగు మారుతూ పోయింది. మొదట పాట పాడాడు. తర్వాత సర్కారును తిట్టాడు. తర్వాత తాటిచెట్టును తిట్టాడు. ఆ తర్వాత పిలవడం మొదలుపెట్టాడు.

"స్వరూపా. ఒక్కటే. సగం. సగం గోలియ్యే."

పక్కనే ఉంటే ఇచ్చేస్తానని ఆమెకు తెలుసు. గోలీల పట్టీ గుప్పిట్లో పెట్టుకుని ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గరికి పోయి కూర్చుంది. గోడ మట్టిది. మాట మాటా వినిపిస్తోంది.

"ఏమే! ఎక్కడ సచ్చినవే! నేను ఊకె అన్ననే! నిన్నటి మాట ఇడిసిపెట్టే!"

స్వరూప చెవులు మూసుకోలేదు. అతను పడుతుంటే తాను వినకుండా ఉండడం అన్యాయం అనిపించింది.

సదానందం చెట్టు దిగి ఆ అరుపులకు పరుగెత్తుకొచ్చాడు. "వదినె! అన్న ఒర్లుతాండు, నువ్విక్కడ కూసున్నవా! తే గోలీలు!"

"ఇయ్య."

"పైసల కోసమా? నీ పాడుగాను, పైసల కోసమా? మనిషివేనా నువ్వు?"

"పైసల కోసమే," అంది స్వరూప. "నేను మిల్లుకు పోతె ఆయన కుళ్లిపోతడు. పైసలొస్తె నేనుంట. అంతే. పో, వాకిట్ల నిలవడు. బండి వస్తె పిలువు."

సదానందం ఆమె చెయ్యి పట్టుకుని గుప్పిట విప్పబోయాడు. ఆమె కొరికింది. అతను చెయ్యి చూసుకుంటూ ఏడుస్తూ వెళ్లిపోయాడు.

లోపల మొగిలి ఆమె పేరు పిలవడం మానేశాడు. "అవ్వా" అన్నాడు. ఆ తల్లి పోయి ఎంత కాలమైందో. "అవ్వా, అవ్వా" అని చిన్నపిల్లాడిలా అన్నాడు. తర్వాత అదీ లేదు. గోడ అవతల చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం అరుపుల కంటే కష్టమైంది. స్వరూప తొట్టి అంచుకు తల కొట్టుకుంది కానీ లేవలేదు.

పొద్దు వాలాక బండి వచ్చింది. దామోదర్ భారీ మనిషి. ఇలాంటివి చాలా చూశానన్న ధీమా నడకలోనే ఉంది. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని అంగీ తొడుక్కున్నాడు. మీట నొక్కాడు. మరుక్షణం కుర్చీతో సహా పక్కకు పడ్డాడు. "అమ్మా" అన్న అరుపు వాకిట్లోకి వినిపించింది. డ్రైవరు పరుగెత్తి అంగీ లాగేశాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగి ఆరకుండా నిలబడిపోయింది.

దామోదర్ గడప మీద కూర్చుని చాలాసేపు వగర్చాడు. స్వరూప నీళ్లిస్తే తాగాడు. తాగి, ఆమె గుప్పిట్లో నలిగిపోయిన గోలీల పట్టీ చూశాడు.

"ఇది పెట్టుకొని బయట కూసున్నవా అమ్మా? పొద్దటి నుంచి? నీకు పాణమెట్ల ఒప్పింది?"

"నన్ను అడుగుతున్నరా సారూ?" అంది స్వరూప.

అతను పోయాక గోలి వేసింది. మొగిలి నోరు తెరిచాడు, మింగాడు, కళ్లు మూసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

తోడు భత్యం మళ్లీ వచ్చింది. ఆగిన నెలలది కూడా కలిపి ఇచ్చారు. స్వరూప మిల్లు మానేసింది. రెండు గంటలకోసారి తిప్పుతోంది, పుండు కడుగుతోంది, మందు అద్దుతోంది. పుండు అంచులు ఎర్రబడి లోపలి నుంచి పూడుకొస్తోంది. నర్సు వచ్చి చూసి మెచ్చుకుంది. సర్కారు ఇచ్చిన ప్రతి పైసా ఏ పనికిచ్చిందో ఆ పనే చేస్తోంది.

మొగిలి కూడా మంచిగానే ఉన్నాడు. పెడితే తింటున్నాడు. అడిగితే జవాబు చెప్తున్నాడు. "నువ్వు జేసిందే మంచిగైంది," అని సదానందం ముందు కూడా అన్నాడు. కానీ ఇంట్లో ఏదో లేదు. అదేమిటో స్వరూపకు కొన్నాళ్లదాకా అంతుపట్టలేదు. ఒక మధ్యాహ్నం వాకిట్లో బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూసింది. అతని నుదుటి మీద ఈగ వాలింది. కనుబొమ్మ మీదికి నడిచింది, కంటి మూలకు నడిచింది. అంతకు ముందైతే ఇల్లు ఎగిరిపోయేటట్టు "ఓ స్వరూపా, నీ మొగన్ని ఈగ ఎత్కపోతాందే!" అనేవాడు. ఇప్పుడు కన్ను మూసుకుని ఊరుకున్నాడు. ఆమె బట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. పిలుస్తాడని చూసింది. అతను పిలవలేదు.

లోపలికెళ్లి ఈగను తోలింది. "నొస్తాందా?"

"లేదు."

నిజమో అబద్ధమో ఆమెకు తెలియదు. ఇదివరకు గొంతులోనే తెలిసేది.

వానాకాలం మొదట్లో ఫోనుకు ఇంకో కబురు వచ్చింది. లబ్ధిదారుల స్థితి మారే అవకాశం ఉన్నందున ఆరు నెలలకోసారి కొలత తప్పనిసరి అని. విరిగిన వెన్నుపూస ఆరు నెలల్లో మొలకెత్తుతుందని ఏ మహానుభావుడు అనుకున్నాడో! స్వరూప ఫోను దాచేయబోయింది.

"ఏమంటున్నరు?" అన్నాడు మొగిలి.

"ఏం లేదు."

"మల్లొస్తరా?"

ఆమె తలూపింది. మొగిలి పైకప్పు వైపు చూశాడు.

"ఆ దినం నువ్వు మీ తమ్మునింటికి పో స్వరూపా. పొద్దుగాల్నే పో. సదానందం ఉంటడు నా తాన."

"ఎందుకు? నేనుండనా? గోలి ఇయ్య తియ్యి, నేనుంట. ఈపాలి పక్కన్నే కూసుంట."

"వద్దు." గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చిన్నపిల్లకు దారి చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు ఇంట్ల ఉంటె పిలువబుద్ధయితది. పిలుస్తె నువ్వు రావు. అదొక్కటే నాతోని కాదే. మంట ఎంతైన పడ్త."

పక్కకు తిప్పే వేళయింది. స్వరూప అతని భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టింది.

"ఎటు దిప్పాలె?"

"గోడ దిక్కు," అన్నాడు మొగిలి.

తిప్పింది.